వేపథువు – చీపురుపల్లి రాయి, మన్యపు తీగ

తెలుగులో వణుకును చెప్పే మాటలు చాల ఉన్నవి. చలికి ఒళ్ళు వణుకుతుంది. దుఃఖానికి పెదవి అదురుతుంది. భయానికి కాళ్ళు గడగడలాడతాయి. జ్వరం వచ్చేముందు ఒళ్ళు జలదరిస్తుంది. పిక్క కొంకర్లు పోతుంది. కన్ను అదురుతుంది, అదిరినది కుడికన్నా ఎడమకన్నా అని శకునం కూడా చూస్తాము. ఈ వాక్యాలన్నింటిలో వ్యాకరణదృష్టితో చూస్తే ఒక విశేషం ఉన్నది. ఇవన్నీ అకర్మక క్రియలు. వీటిలో కర్త మనిషి కాడు, అవయవము. "నా చేయి వణికింది" అంటాము గాని "నేను చేతిని వణికించాను" అని ఎవరూ అనరు. అన్నారంటే అది నటన. మనిషి ప్రమేయం లేకుండా అవయవం తనంత తాను కదలడం అనే సంగతిని మన భాష ఏనాడో గుర్తించి వేరుగా పెట్టుకొన్నది.

వైద్యశాస్త్రం మాత్రం ఈ కదలికల మూలాన్ని తెలుసుకొనడానికి చాల శతాబ్దాలు తీసుకొన్నది. ఆ చరిత్రలో మన ఉత్తరాంధ్రకు రెండు వైపులా చుట్టరికం ఉన్నది. ఒకటి చీపురుపల్లి, గరివిడి ప్రాంతాల మాంగనీసు రాయి. రెండవది మన కొండల పొదలమీద పాకే దూలగొండి తీగ. మొదటిది ఆ వ్యాధిని పోలిన వ్యాధికి కారణం కాగలది. రెండవదాని గింజలో ఆ వ్యాధికి మందు ఉన్నది. ఈ రెండు దారులు ఎక్కడ కలిశాయో చెప్పాలని ఈ వ్యాసం.

అలంకారశాస్త్రంలో, ఆయుర్వేదంలో

పండిత శిక్షణ పొందినవారికి "వేపథువు" అనే మాట మొదట ఎదురయ్యేది రసప్రకరణంలో. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రలయము అని సాత్త్విక భావాలు ఎనిమిది. వేపథువు అంటే వణుకు. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన శరీరస్థితిని చెప్పుకొనేటప్పుడు వాడిన మాట కూడా ఇదే. చేయి చాపడం, కనుబొమ ముడవడం వంటివి నటుడు అభ్యాసంతో చేయగలడు. సాత్త్వికాలు అట్లా కావు. మనస్సు ఆ భావంలో లీనమైనప్పుడే అవి పుడతాయి. అందుకే భరతుడు వాటిని విడిగా లెక్కించినాడు. ఇచ్ఛకు లోబడిన చేష్ట వేరు, లోబడని వికారం వేరు అనే విభాగం మన నాట్యశాస్త్రంలో అంత స్పష్టంగా ఉన్నది.

ఇవే మాటలు వైద్యగ్రంథాలలోనూ కనబడతాయి. చరకసంహిత చెప్పిన 80 వాతరోగాల పట్టికలో వేపథువు ఒకటి. క్రీ.శ. 7, 8 శతాబ్దాల నాటి మాధవనిదానం, తలతో సహా సర్వాంగాలు వణకడాన్ని వేపథువు అని నిర్వచించినది. తెలుగునాట వైద్యులు తరతరాలుగా వల్లించుకొన్న బసవరాజీయము ఇంకొక అడుగు ముందుకు వేసినది. శ్లోకాలు సంస్కృతంలోనూ తాత్పర్యం తెలుగులోనూ ఉన్న ఈ గ్రంథం "కంపవాతము" అనే పేరు పెట్టి, చేతులలో కాళ్ళలో వణుకు, శరీరం నిలకడ తప్పడం, బాధ, నిద్రాభంగం, బుద్ధి క్షీణించడం దాని లక్షణాలని చెప్పినది. ఈ పట్టికలోని చివరి రెండింటిని చదువరులు గుర్తుంచుకోవాలి. వాటి సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత గ్రంథంలో కంపవాతము అన్నచోటల్లా ఈనాటి పార్కిన్‌సన్ వ్యాధి అని చదువుకొనరాదు. వణుకు ఒక లక్షణం; దానికి కారణాలు అనేకం. కంఠమణి గ్రంథి అతిగా పనిచేసినా చేతులు వణుకుతాయి. కొన్ని కుటుంబాలలో తరతరాలుగా వచ్చే వణుకు ఉన్నది. ఆ మనిషికి ఊరక కూర్చున్నప్పుడు చేయి నిలకడగా ఉండి, కాఫీ గ్లాసు ఎత్తినప్పుడు వణుకుతుంది. పార్కిన్‌సన్ వ్యాధిలో సాధారణంగా దీనికి విరుద్ధం: చేయి ఒడిలో ఊరక ఉన్నప్పుడు వణికి, పనిలో పడినప్పుడు కొంత తగ్గుతుంది. ప్రాచీనులు చూసినది చూసినట్లు రాసినారు. వారికి మనం ఇవ్వవలసిన గౌరవం అదే గాని, వారు చెప్పనిది వారి నోట పెట్టడం గౌరవం కాదు.

లండను వీధులలో

1817లో లండను నగర శివారున వైద్యం చేసుకొనే జేమ్స్ పార్కిన్‌సన్ ఒక చిన్న పుస్తకం ప్రకటించినాడు. వణుకుతో కూడిన పక్షవాతంపై వ్యాసం అని దాని పేరుకు అర్థం. అప్పటికి ఆయనకు అరవై దాటినవి. అందులో వర్ణించినది ఆరుగురు మనుషులను. వారిలో ముగ్గురిని ఆయన చూసినది వీధిలోనే. నడుం వంగి, అడుగులు చిన్నవై, ముందుకు పడిపోతున్నట్లు పరుగువంటి నడక నడిచే ముసలివారిని ఆపి పలకరించి, ఎప్పుడు మొదలైనది, ఏ చేయి ముందు వణికినది అని అడిగి తెలుసుకొన్నాడు. శవపరీక్ష లేదు, ప్రయోగశాల లేదు. ఉన్నది శ్రద్ధగా చూడడం ఒకటే. వేరువేరుగా చెప్పుకొంటున్న వణుకు, వంగుడు, పరుగు నడక ఒకే వ్యాధి అవస్థలని ఆ చూపుతోనే పట్టుకొన్నాడు.

తరువాత అర్ధశతాబ్దానికి ప్యారిస్‌లో షార్కో అనే మహావైద్యుడు ఈ వ్యాధికి పార్కిన్‌సన్ పేరు పెట్టినాడు. రోగులందరూ వణకరని, కండరాలలో బలం నిజానికి పోదని, కండరం బిగుసుకొని కదలిక మందగించడమే ముఖ్యమని ఆయన చూపించినాడు. కాబట్టి పక్షవాతం అనే పేరు తగదు.

పార్కిన్‌సన్ తన నిర్వచనంలో ఇంద్రియాలకూ బుద్ధికీ ఈ వ్యాధివల్ల హాని ఉండదని రాసినాడు. ఈ మాట చాలకాలం పాఠ్యపుస్తకాలలో నిలిచినది. నేటి వైద్యులు మరొక విధంగా చెబుతున్నారు. నిద్రలో కేకలు, కాళ్ళుచేతులు విసరడం, వాసన తెలియకపోవడం, మలబద్ధకం వంటివి వణుకుకు ఎన్నో ఏళ్ళ ముందే రావచ్చును. చాల ఏళ్ళు గడిచిన రోగులలో కొందరికి బుద్ధి మందగిస్తుంది. నిద్రాభంగము, మతిక్షీణత అని బసవరాజీయము చేర్చిన రెండు లక్షణాలు ఇప్పుడు మన దృష్టిని ఆకర్షించేది ఇందుకే.

అలంకారశాస్త్రంతో ఇంకొక పోలిక చెప్పి ముందుకు సాగుతాను. ఈ వ్యాధిలో స్తంభము ఉన్నది, వేపథువు ఉన్నది, స్వరభేదమూ ఉన్నది. గొంతు సన్నగిల్లి గొణుగుడు అవుతుంది. కాని ముఖంలో మాత్రం భావం పలకదు. రెప్పపాటు కూడా తగ్గి ముఖం ముసుగు వేసినట్లు ఉంటుంది. లోపల సంతోషం ఉన్నది, దుఃఖం ఉన్నది, ముఖం వరకు రాదు. మనుమడు వచ్చినా తాతయ్య నవ్వలేదని ఇంటివారు నొచ్చుకొంటారు. ఆయన నవ్వినాడు, ఆ నవ్వు పెదవి దాకా రాలేదు.

గరివిడి రాయి

భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైనది మన ప్రాంతంలోనే. 1892లో, అప్పటి విశాఖపట్నం జిల్లాలో, విజయనగరం మైనింగ్ కంపెనీ ఈ పని ఆరంభించినది. కోడూరు, గర్భాం, గరివిడి పేర్లు ఆనాటి భూగర్భశాస్త్రవేత్తలకు సుపరిచితాలు. 1909లో ఫెర్మర్ దొర భారతదేశపు మాంగనీసుపై పెద్ద గ్రంథం ప్రకటించి, ఇక్కడి ఒక రకపు రాతికి కోడూరు పేరుమీద "కోడురైటు" అని పేరు పెట్టినాడు. ఉక్కు గట్టిపడడానికి మాంగనీసు కావాలి. అందుకని చీపురుపల్లి వైపు రాయి సముద్రాలు దాటి విదేశీ కొలుములకు పోయినది. 1950ల చివరికి గరివిడిలోనే ఫెర్రో మాంగనీసు చేసే కర్మాగారం వచ్చినది. రాయి తవ్వి, కొట్టి, ఏరి, గంపలకెత్తిన చేతులు చుట్టుపక్కల పల్లెల ఆడవారివీ మగవారివీను.

ఇంతకూ ఈ రాయికీ వణుకుకూ ఏమి సంబంధం? అది 1837లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరంలో తెలిసినది. గుడ్డలు తెల్లబరచే పొడిని తయారుచేసే కర్మాగారంలో నల్ల మాంగనీసును మెత్తగా నూరే ఐదుగురు కూలీలను జాన్ కూపర్ అనే వైద్యుడు పరీక్షించినాడు. వారి కాళ్ళు తడబడుతున్నవి. నడిస్తే ముందుకు తూలుతున్నారు. మాట గుసగుసగా మారినది. నోటినుండి చొంగ కారుతున్నది. నూరేటప్పుడు లేచిన ధూళిని పీల్చడమే కారణమని కూపర్ నిర్ణయించినాడు. పార్కిన్‌సన్ పుస్తకం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు. కాని ఈ రెండింటి నడుమ బంధుత్వాన్ని అప్పుడు ఎవరూ కలిపి చూడలేదు.

మాంగనీసు నిజానికి శత్రువు కాదు. అది శరీరానికి అణుమాత్రంగా అవసరమైన ధాతువు. తిండితో లోపలికి పోయినదానిలో ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసం ద్వారా బయటికి పంపివేస్తుంది. ధూళిగానో పొగగానో ముక్కుతో పీల్చినప్పుడు ఈ కాపలా తప్పిపోతుంది. అది రక్తంలో చేరి మెదడుకు పోయి, కదలికలను తీర్చిదిద్దే లోతట్టు కేంద్రాలలో నిలువ ఉంటుంది. మొదట మనస్సు చెదురుతుంది: అకారణంగా నవ్వు, ఏడుపు, చిరాకు. చిలీ దేశపు గనికూలీలు దీనిని "మాంగనీసు పిచ్చి" అనే పిలిచేవారు. తరువాత ఒళ్ళు బిగుసుకొని, కొందరు కోడిపుంజు నడిచినట్లు మునివేళ్ళమీద నడుస్తారు. వణుకు తక్కువ, బిగువు ఎక్కువ. పార్కిన్‌సన్ వ్యాధితో పోలిక ఉన్నా రెండూ ఒకటి కావు; మెదడులో దెబ్బతినే చోటు కూడా కొంచెం వేరు. 1955లో మొరాకో గనులలో ఇట్టి రోగులు నూరుమందికి పైగా ఉన్నట్లు ప్రకటించినారు. రాతికి రంధ్రం తొలిచే యంత్రాల దగ్గర, గాలి ఆడని సొరంగాలలో పనిచేసినవారికి ముప్పు ఎక్కువ.

మన దేశపు చట్టాలు ఈ సంగతిని గుర్తించినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో మాంగనీసు విషాన్ని చేర్చినారు. 1952 నాటి గనుల చట్టం కింద ప్రకటించిన వ్యాధులలోనూ దీనిని చేర్చినారు. అంటే కూలీకి ఈ రోగం కనబడితే వైద్యుడు, యజమాని పైవారికి తెలియజేయాలి. చట్టం కాగితంమీద ఉన్నది. కాని గని మానివేసిన పదేళ్ళకు ఊరిలో అరుగుమీద కూర్చొన్న ముసలివాని ఒళ్ళు బిగుసుకొనిపోతే, "ఏ పని చేసేవాడివి?" అని అడిగే వైద్యుడు దొరకాలి. పార్కిన్‌సన్ వీధిలో అడిగినట్టి ప్రశ్న అది. చట్టం పని మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే.

సర్పగంధి చెప్పిన రహస్యం

వ్యాధి మెదడులో ఎక్కడ పుడుతున్నదో తెలియడానికి మరొక భారతీయ మూలిక సాయపడినది. సర్పగంధి వేరును ఉన్మాదానికి, నిద్రలేమికి మన దేశంలో ఏనాటినుండో వాడేవారు. 1931లో కలకత్తాలో గణనాథసేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు, ఇది ఉన్మాదంతోపాటు రక్తపోటును కూడా తగ్గిస్తుందని ప్రకటించినారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుంజల్ వకీల్ తన అనుభవాన్ని ఇంగ్లండు పత్రికలో ప్రచురించగా లోకం దృష్టి ఇటు మళ్ళినది. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అనే సారాన్ని వేరుచేసినారు. పెద్ద మోతాదులో వాడిన రోగులలో కొందరు బిగుసుకొనిపోయి, చేతులు వణికి, అచ్చం పార్కిన్‌సన్ రోగులవలె కనిపించినారు. మందు మానగానే బాగయ్యారు.

1957లో స్వీడన్ దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చినాడు. అవి చెవులు వాల్చి కదలక పడి ఉన్నవి. అప్పుడు వాటికి డోపా అనే పదార్థాన్ని సూదితో ఎక్కించగా కొద్ది నిమిషాలలో లేచి తిరిగినవి. మరుసటి సంవత్సరం, డోపామిన్ అనే రసాయనం మెదడులో సహజంగానే ఉన్నదని ఆయన బృందం చూపింది. డోపా మెదడులో చేరి డోపామిన్‌గా మారుతుంది. ఈ కృషికి 2000లో ఆయన నోబెల్ బహుమతి పంచుకొన్నాడు. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, ఈ వ్యాధితో చనిపోయినవారి మెదళ్ళను పరీక్షించి అక్కడ డోపామిన్ బాగా తరిగిపోయినదని చూపినాడు. మెదడు కాండంలో ఒక చిన్న నల్లని పట్టీ ఉన్నది. అందులోని కణాలు ఈ డోపామిన్‌ను తయారుచేసి కదలికల కేంద్రాలకు పంపుతాయి. ఆ కణాలు క్రమంగా నశించడమే వ్యాధి. వణుకు బయటపడేనాటికి అక్కడ డోపామిన్ సరఫరా సగానికి పైగా పోయి ఉంటుంది.

దూలగొండి గింజ

ఆ డోపా ఎక్కడ దొరుకుతుంది? మన పొదలలో దొరుకుతుంది. దూలగొండి తెలియని పల్లెటూరి పిల్లవాడు ఉండడు. ఊదారంగు పూలగుత్తులు, వంకర తిరిగిన కాయలు, కాయమీద బంగారు వన్నె నూగు. ఆ నూగు తగిలితే దురదతో ప్రాణం పోయినంత పని అవుతుంది. బడిలో బల్లమీద ఈ నూగు చల్లే తుంటరులను ఎందరినో చూశాను. సంస్కృతంలో దీనికి కపికచ్ఛువు అని పేరు. కోతికి కూడా దురద పుట్టించేది అని భావం. ముట్టుకొననీయదు గనుక ఆత్మగుప్త అని మరొక పేరు. నిఘంటువులు దీనిని వాతహరమనీ బలకరమనీ చెప్పినవి. అయితే పూర్వులు ఎక్కువగా వాడినది వాజీకరణ యోగాలలో. దేశంలో కొన్ని గిరిజన సమూహాలవారు ఈ గింజలను పలుమార్లు ఉడికించి, ఆ నీరు పారబోసి తింటారు. పారబోసే ఆ నీటిలోనే డోపా చాలవరకు పోతుంది.

డోపాను మొదట గింజనుండి వేరుచేసినది 1913లో, స్విట్జర్లాండులో గుగ్గెన్‌హైమ్ అనే రసాయనజ్ఞుడు, ఒక రకం చిక్కుడుగింజనుండి. రుచి చూద్దామని రెండున్నర గ్రాములు మింగి వాంతులతో బాధపడినాడు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దూలగొండి గింజనుండి ఇదే పదార్థాన్ని వేరుచేసి ఇంగ్లండులోని బయోకెమికల్ జర్నల్‌లో ప్రకటించినారు. శ్రీకాకుళం, విజయనగరం అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోనివే. గింజలో నూటికి సుమారు మూడు మొదలు ఆరు పాళ్ళ వరకు డోపా ఉంటుంది. 1938లో జర్మనీలో హోల్ట్స్, డోపా శరీరంలో డోపామిన్‌గా మారుతుందని కనుగొన్నాడు.

అంటే 1938 నాటికి గింజ ఉన్నది, గింజలోని సారం తెలిసినది, అది ఏమిగా మారుతుందో కూడా తెలిసినది. కాని డోపామిన్‌కు మెదడులో పని ఉన్నదని ఎవరికీ తెలియదు. అందుచేత మద్రాసు పరిశోధన రసాయనశాస్త్రపు వార్తగా మాత్రమే మిగిలినది. అప్పటికి కంపవాతంతో మంచాన ఉన్నవారికి దానివల్ల ఒనగూరినది ఏమీ లేదు. ఇంకొక ముప్ఫై ఏళ్ళు గడవవలసి వచ్చినది.

రాయి, గింజ కలిసిన చోటు

1961లో వియన్నాలో బిర్క్‌మేయర్, హోర్నికీవిచ్ రోగులకు డోపాను సూదితో ఇచ్చి, కదలలేనివారు కాసేపు లేచి నడవడం చూశారు. కాని ఆ గుణం నిలవలేదు. ఇతరులు ప్రయత్నిస్తే వాంతులు, నిరాశ. ఈ దశలో జార్జి కోట్సియాస్ వచ్చినాడు. గ్రీకు దేశపు క్రీటు ద్వీపంలో పుట్టి అమెరికాకు వలసపోయిన వైద్యుడు. న్యూయార్కు దగ్గర బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆయన పరిశోధన దేనిమీద? మాంగనీసుమీద. చిలీ గనికూలీలను పరీక్షించి, ఆ ధాతువు శరీరంలో ఎట్లా తిరుగుతుందో కొలిచినవాడు ఆయన. మాంగనీసు రోగులకూ పార్కిన్‌సన్ రోగులకూ ఉన్న పోలికే ఆయనను ఈ వ్యాధివైపు నడిపించినది. మెదడులోని నల్లని పట్టీ ఈ రోగులలో రంగు వెలిసిపోతుంది. ఆ నలుపును తిరిగి తెప్పించవచ్చునేమో అని డోపా ఇచ్చి చూసినాడు. ఆలోచన పూర్తిగా సరి కాదు; ఫలితం మాత్రం అపూర్వం. చాల కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, వారాల తరబడి ఓపికగా పెంచుకొంటూ పోవడమే ఆయన పట్టుకొన్న కిటుకు. 1967లో ఆయన ప్రకటించిన ఫలితాలతో చికిత్స మారిపోయినది. 1970లో అమెరికా ప్రభుత్వం లెవోడోపాకు అనుమతి ఇచ్చినది. అదే సంవత్సరం చిలీ కూలీలకు కూడా ఇచ్చి కొంత గుణం చూసినారు. మాంగనీసు రోగులలో ఇది పార్కిన్‌సన్ రోగులలో వలె పనిచేయదని తరువాతి అనుభవం.

చీపురుపల్లి రాయివంటి రాయి పుట్టించిన ప్రశ్నకు, మన కొండతీగ గింజలో ఉన్న పదార్థమే జవాబు అయినది. ఈ రెండూ కలిసినది మాత్రం మనకు సుమారు పదమూడువేల కిలోమీటర్ల దూరాన.

మందు, దాని మితి

డోపామిన్‌నే సూటిగా ఇవ్వరాదా అంటే, అది రక్తంనుండి మెదడులోకి పోలేదు, డోపా పోగలదు. కాని దారిలోనే చాలవరకు డోపామిన్‌గా మారి వాంతులు కలిగిస్తుంది. దీనిని అరికట్టే కార్బిడోపాను 1970లలో జతచేశారు. నేటికీ ఈ జంట మాత్రే చికిత్సకు వెన్నెముక. అయినా ఇది వ్యాధిని ఆపదు, లోటును పూడుస్తుంది. కొన్ని సంవత్సరాలకు మందు పనిచేసే గడియలు, చేయని గడియలు ఏర్పడతాయి. మందు ఎక్కువైనప్పుడు మరొక రకం అసంకల్పిత కదలికలు వస్తాయి: మెడ, భుజాలు, కాళ్ళు మెలితిరిగి ఊగుతుంటాయి. వణుకుకు ఇచ్చిన మందు మరొక కదలికను తెచ్చిపెడుతుంది. కోట్సియాస్ కూడా మొదటి రోజులలోనే దీనిని చూసినాడు.

"అయితే దూలగొండి పొడినే తినవచ్చు కదా?" అని ఎందరో అడుగుతారు. ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు కూడా వేసుకొన్నారు. 1978లో బొంబాయిలో 23 మంది రోగులపై పరీక్ష జరిగినది. 1995లో 60 మందికి పన్నెండు వారాలు ఇచ్చి చూశారు. 2004లో లండనులో ఎనిమిదిమందిపై జరిపిన పరీక్షలో, 30 గ్రాముల దూలగొండి పొడి మామూలు మాత్రకంటె త్వరగా పనిచేసినది. 2017లో బొలీవియాలో మందు కొనలేని 18 మంది రోగులలో మంచి గుణమే కనిపించినది. కాని ఆ వరుసలోనే 2018లో పదహారు వారాలు రోజూ ఇవ్వగా సగంమంది కడుపు బాధలవల్లనో, గుణం తగ్గడంవల్లనో మానివేశారు. గింజకూ గింజకూ డోపా పాలు మారుతుంది. పొడి డబ్బామీద రాసినంత లోపల ఉన్నదని నమ్మకం లేదు. మాత్రలు మింగుతూ వైద్యునికి చెప్పకుండా పొడి కూడా తినేవాడు మందును రెట్టింపు చేసుకొంటున్నాడు. మాత్రలు హఠాత్తుగా మానివేసి పొడిని నమ్ముకొన్నవాడు ఒళ్ళు బిగిసి, తీవ్రజ్వరంతో ప్రాణాపాయం తెచ్చుకొనవచ్చును. ఇది ఆయుర్వేదాన్ని చిన్నబుచ్చే మాట కాదు. గింజలో నిజంగా శక్తి ఉన్నది గనుకనే ఇంత జాగ్రత్త.

మన ఊళ్ళలో

మా వైపు "ముసిలాడికి వొణుకొచ్చీసినాది" అని ఒక్క మాటలో తేల్చివేస్తారు. అది వయసు చేసే పనే, దానికి వైద్యం ఏముంటుంది అని భావం. గ్రామదేవత సంబరాలలో గణాచారికి పూనకం వచ్చి ఒళ్ళు ఊగితే పసుపునీళ్ళు పోసి మొక్కుతాము. డప్పు ఆగితే ఆ ఊగుడు ఆగుతుంది. దాని మర్యాద దానిది, అది రోగం కాదు. డప్పు లేకుండానే చేయి వణికే మనిషికి మాత్రం మర్యాద దక్కదు.

నాతో పనిచేసిన ఒక పెద్ద పండితులవారి దస్తూరి ముత్యాలవలె ఉండేది. యాభై అయిదేళ్ళు దాటినాక నల్లబల్లమీద ఆయన రాసే పద్యం మొదటి పాదంలో పెద్ద అక్షరాలతో మొదలై నాలుగవ పాదానికి చీమలబారు అయిపోయేది. పిల్లలు నవ్వేవారు. నడక తూలుతున్నదని, తాగుడు మొదలుపెట్టినాడని కొందరు పెద్దలు కూడా చెవులు కొరుక్కొన్నారు. జీవితంలో కల్లు ముట్టని మనిషి ఆయన. అక్షరం చిన్నదైపోవడం ఈ వ్యాధి తొలి గుర్తులలో ఒకటి. పదవీవిరమణ అయిన రెండేళ్ళకు విశాఖలో ఒక నాడీవైద్యుడు ఆయన చేత నాలుగు పంక్తులు రాయించి చూసి వ్యాధి పేరు చెప్పినాడు. మందుతో మరి తొమ్మిదేళ్ళు ఆయన స్వయంగా అన్నం కలుపుకొని తిన్నారు, ఉత్తరాలు రాశారు. వ్యాధి పేరు తెలిసిన రోజున ఆయన భార్య అన్న మాట: "అయితే మా ఆయన తాగలేదన్నమాట ఊరికి తెలుస్తుంది."

1923లో విశాఖలో వైద్యకళాశాల వచ్చినది. 2008లో శ్రీకాకుళంలో, 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. పార్వతీపురం మన్యం 2022లో వేరే జిల్లా అయినది. దారి మునుపటికంటె దగ్గరైనది. అయినా వ్యాధిని మొదట చూసేది వైద్యుడు కాడు. ఇంటివారు, ఇరుగుపొరుగువారు, బడిపంతులు. నడిచేటప్పుడు ఒక చేయి ఊగడం మానినదా? అక్షరం కుంచించుకొనిపోతున్నదా? గొంతు సన్నబడినదా? గుండీ పెట్టుకొనడానికి మునుపటికంటె రెట్టింపు సమయం పడుతున్నదా? వాంతులకో, మనోవ్యాధికో వాడే కొన్ని మాత్రలవల్ల కూడా ఇట్టి బిగువు వస్తుంది. వైద్యుడు వాటిని మార్చితే తగ్గుతుంది. పిల్లలలో కీళ్ళవాతజ్వరం తరువాత కాళ్ళుచేతులు నాట్యంవలె ఎగిరిపడే వ్యాధిని 1686లోనే సిడెన్‌హామ్ వర్ణించినాడు. దానిని గాలి సోకుడు అనుకొని భూతవైద్యుని దగ్గరకు తీసుకొనిపోతే, అసలు ముప్పు ఉన్న గుండెను చూసేవారు ఉండరు. అలసటకు కనురెప్ప అదిరితే మాత్రం నిద్రపోతే చాలును. అది శకునమూ కాదు, రోగమూ కాదు.

ఈ వ్యాసం చదివిన బ్లాగ్మిత్రులను ఒకటి కోరుతున్నాను. మీ ప్రాంతంలో ఈ వణుకుకు ఏమని పేరు? దూలగొండి గింజను మీ పెద్దలు ఏ బాధకు వాడేవారు? చీపురుపల్లి, గరివిడి, గర్భాం వైపు పాత గనులలో పనిచేసినవారు మీ ఇళ్ళలో ఉంటే, వారు ఏ పని చేసేవారో, తరువాత వారి ఆరోగ్యం ఎట్లా ఉన్నదో అడిగి రాసిపెట్టండి. పేర్లు అక్కరలేదు. ఆ తరంవారు వెళ్ళిపోతున్నారు, అడగవలసినది ఇప్పుడే.